ట్రాప్‌లో పడ్డ పురుగులకి డీఎన్‌ఏ పరీక్ష: సీసా మొత్తం కలిపి గ్రైండ్ చేయించాలా, ఒక్కోటీ విడిగా పంపాలా?

మట్టిపురుగు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను పురుగుల శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. రోజంతా లెక్కల పుస్తకాలతో కుస్తీ పట్టే ఉద్యోగం నాది. ఇంటి వెనక అర ఎకరం జాగా ఉంది. పదేళ్లుగా దున్నలేదు, మందు కొట్టలేదు. సగం గడ్డి, సగం తుప్పలు, ఒక మూల నాలుగు పెద్ద చెట్లు, వాటి కింద మణికట్టు దాకా చెయ్యి దిగేంత ఎండుటాకు. ఈ జాగాలో ఎన్ని రకాల పురుగులు, సాలీళ్లు ఉన్నాయో తేల్చాలని ఈ ఏడాది పట్టుబట్టాను.

ఇప్పటిదాకా చేసింది చెప్తాను. గడ్డికీ తుప్పలకీ మధ్య ఒక మలేజ్ ట్రాప్ వేశాను, అదే, డేరాలా ఉండే వల. ఎనిమిది వారాలు ఉంచి, వారానికో సీసా మార్చాను. నేలలో 12 పిట్‌ఫాల్ గ్లాసులు పాతి నాలుగు వారాలు నడిపాను. పసుపు రంగు గిన్నెల్లో సబ్బు నీళ్లు పోసి నాలుగు రోజులు పెట్టి చూశాను.

తప్పులు కూడా చెప్పేస్తాను, దాచుకుంటే మీరు సలహా ఇవ్వలేరు. మొదటి రెండు వారాలు మలేజ్ సీసాల మీద బాల్‌పెన్నుతో రాశాను. మూత దగ్గర, పురుగులు పాడవకుండా లోపల పోసిన ఇథనాల్ (ఆల్కహాల్) కొద్దిగా కారింది. తర్వాత చూస్తే కాగితం మీద నీలం మరక తప్ప అక్షరం లేదు. ఆ రెంటిలో ఏది ఏ వారమో ఇప్పుడు నాకు తెలియదు. గ్లాసుల్లో మొదటి రెండు వారాలు ఉప్పునీళ్లు పోశాను, ఎవరో చెబితే తర్వాత ప్రొపిలీన్ గ్లైకాల్‌కి మారాను. ఒక రాత్రి వాన పడి మూడు గ్లాసులు పొంగిపోయాయి. ఒకదాంట్లో బొటనవేలంత కప్పపిల్ల చచ్చి ఉంది. ఆ రోజు ఇక ట్రాప్‌ల వైపు వెళ్లబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ల్యాబ్ వాళ్లతో మాట్లాడాను. రెండు దారులున్నాయన్నారు. ఒక్కో పురుగు నుంచి విడిగా డీఎన్‌ఏ తీసి బార్‌కోడ్ చేయడం ఒకటి. సీసా మొత్తం నూరి ఒకేసారి చదివించడం రెండోది, దాన్ని మెటాబార్‌కోడింగ్ అంటారట. రెండో దాంట్లో పేర్ల జాబితా మొత్తం ఒకేసారి వచ్చేస్తుందన్నారు. మా బావమరిదైతే "ఎందుకు ఆలోచిస్తావు బావా, మిక్సీలో వేసెయ్" అంటున్నాడు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. రెండు నెలలు కాపలా కాసి పట్టినవాటిని ఒక్క నిమిషంలో పిండి చేసేస్తే, తర్వాత ఏదైనా అనుమానం వస్తే ఏం చూసుకోను? అలాగని వేల పురుగుల్ని ఒక్కోటీ పంపే స్తోమత నాకు లేదు. ఈ పని చేసినవాళ్లు చెప్పండి.

అద్దం_కింద:

తొమ్మిదేళ్లుగా నా పనే ఇది. సీసా విప్పడం, తెల్ల పళ్లెంలో పోయడం, మైక్రోస్కోపు కింద సన్నటి ఫోర్‌సెప్స్‌తో ఒక్కోటీ వేరుచేయడం. కాబట్టి కొంచెం పెద్ద జవాబే వస్తుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. మీ మనసొప్పకపోవడం సరైనదే. నూరిన సీసా మళ్లీ పురుగులుగా మారదు. కానీ నూరాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చాల్సిన ప్రశ్న కాదు. దానికి ముందు ఏమీ ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి, అవి వదిలేస్తే తర్వాత చేయలేరు.

మొదటిది తూకం. ఇథనాల్‌ని సన్నటి జల్లెడలో వంపేసి, చుక్కలు కారడం తగ్గాక పురుగుల్ని తడిగానే తూచండి. 2017లో జర్మనీ నుంచి వచ్చిన క్రేఫెల్డ్ అధ్యయనం గుర్తుందా? 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లలో ఎగిరే పురుగుల బరువు 75 శాతం పైగా పడిపోయిందని చెప్పి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. అందులో జాతుల లెక్క లేదు, కేవలం మలేజ్ సీసాల తడి బరువు. రెండు చుక్కల మధ్య పది సెకన్లు దాటేదాకా కారనిచ్చి తూచేవారు. ప్రతిసారీ అదే ట్రాపు, అదే పద్ధతి. ఆ మొండితనం వల్లే 27 ఏళ్ల తర్వాత ఆ అంకెలకి విలువ వచ్చింది. మీరూ పది సెకన్లే పాటించండి. వచ్చే ఏడాది మళ్లీ ట్రాప్ వేస్తే పోల్చుకోవడానికి కనీసం ఒక అంకె ఉంటుంది.

రెండోది లేబుల్. పెన్సిల్‌తో, మందపాటి కాగితం మీద రాసి, సీసా బయట కాదు, లోపల వేయండి. తేదీ, ట్రాప్ నంబరు, చోటు, ఎవరు పట్టారు. ఆ పేరు తెలియని రెండు సీసాలకి "1 లేదా 2వ వారం" అని నిజాయితీగా రాసి పెట్టండి. ఊహించి తేదీ వేయకండి. తప్పు తేదీ ఉన్న సీసా కన్నా తేదీ లేని సీసా నయం. మా గదిలో ఇలాగే ఒక అల్మరా నిండా సీసాలున్నాయి, అన్నీ అద్భుతమైన పురుగులే, ఎక్కడివో ఎవరికీ తెలియదు. డీఎన్‌ఏ అన్నీ చెబుతుంది గానీ చిరునామా చెప్పదు.

మూడోది ఇథనాల్ మార్చడం. పురుగుల ఒంట్లో నీళ్లుంటాయి. సీసా నిండా కుక్కితే మీరు పోసిన 95 శాతం కాస్తా పలచబడిపోతుంది. పురుగులు సీసాలో మూడో వంతు మించకుండా చూసుకుని, పట్టిన ఒకట్రెండు రోజుల్లో కొత్త ఇథనాల్ పోయాలి. చీకట్లో, చల్లగా ఉంచండి. అయితే పెద్ద సీసాల్ని ఇంటి ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆవిరి పేరుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఏరిన తర్వాత బిగుతు మూత ఉన్న చిన్న ట్యూబుల్లో పెట్టుకోవచ్చు. ఇంకోటి, 95 శాతంలో పురుగులు పెళుసుబారతాయి, ఫోర్‌సెప్స్ తగిలితే కాళ్లు రాలిపోతాయి. రూపం చూసి గుర్తుపట్టేవాళ్లు 70-80 శాతం కోరుకుంటారు, డీఎన్‌ఏ వాళ్లు 95 కోరుకుంటారు. ఈ గొడవ ఎప్పటికీ తెగదు. మీకు డీఎన్‌ఏ ముఖ్యం కాబట్టి 95లోనే ఉంచి మెల్లగా పట్టుకోండి.

ఉప్పునీళ్ల గ్లాసుల మీద ఆశ తక్కువ పెట్టుకోండి. ఉప్పు కుళ్లు ఆపుతుంది గానీ ఎండలో రెండు వారాలు అంటే డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉండొచ్చు. వాటిలోంచి కొన్ని మాత్రమే పంపి చూడండి. గ్లైకాల్‌కి మారడం మంచి పని. ప్రొపిలీన్ రకమే ఎంచుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండి, తాగిన జంతువుల్ని చంపేస్తుంది. కప్ప సంగతికి వస్తే, గ్లాసు మూతి మీద సెంటీమీటరు కన్నాల వైరు మెష్ పెట్టి, పైన మూడు మేకుల మీద ఒక పలక కప్పులా నిలబెట్టండి. కప్పలూ పడవు, వానా పడదు. పెద్ద పేడపురుగులు కొన్ని తప్పిపోతాయి, పర్వాలేదు. గ్లాసు అంచు మట్టికి సరిగ్గా సమానంగా ఉందా? ఒక్క మిల్లీమీటరు పైకి లేచినా చిన్న చీమ పక్కనుంచి తిరిగి పోతుంది. మట్టి తవ్విన మొదటి కొద్ది రోజులు పురుగులు మామూలు కన్నా ఎక్కువ పడతాయి, ఆ వారాన్ని మిగతా వారాలతో కలపకండి.

ఇక మీ అసలు ప్రశ్న. బార్‌కోడ్ అంటే మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో 658 అక్షరాల ముక్క. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం నుంచి పాల్ హెబర్ట్ బృందం 2003లో దీన్ని జంతువులన్నిటికీ గుర్తింపు కార్డులా వాడదామని ప్రతిపాదించింది. ఒక్కో కణంలో మైటోకాండ్రియాలు వందల్లో ఉంటాయి కాబట్టి దోమకాలంత ముక్క నుంచి కూడా అది దొరుకుతుంది. విడిగా చేస్తే ఒక పురుగు, ఒక ఫోటో, ఒక బార్‌కోడ్. మూడూ ఒకే నంబరు కింద ఉంటాయి. అనుమానం వస్తే ట్యూబ్ తీసి మళ్లీ చూడొచ్చు. నూరితే ఆ ముడి తెగిపోతుంది. జాబితాలో పేరుంటుంది, ఆ పేరు గల పురుగు ఉండదు.

నూరిన దాంట్లో ఇంకో మాయ ఉంది. పేరు పక్కన వచ్చే అంకె పురుగుల సంఖ్య అనుకుంటారు చాలామంది. కాదు. అది మెషీన్ చదివిన డీఎన్‌ఏ ముక్కల సంఖ్య. ఒక్క మిడత ఒంట్లో ఉన్నంత కండ వెయ్యి చిన్న కందిరీగల్లో ఉండదు. పైగా డీఎన్‌ఏని అచ్చుపోసే ప్రైమర్లు కొన్ని గుంపులకి బాగా అతుక్కుంటాయి, కొన్నింటికి అతుక్కోవు. ఉందా లేదా అన్నదానికి పనికొస్తుంది, ఎన్ని ఉన్నాయన్నదానికి పనికిరాదు. సాలీడు పడితే అది అంతకుముందు తిన్న ఈగ కూడా జాబితాలో కనిపిస్తుంది, ఆ ఈగ మీ ట్రాప్ దరిదాపుల్లోకి రాకపోయినా.

నా సలహా: ఒక్క మలేజ్ సీసాతో మొదలుపెట్టండి. ల్యాబ్ ప్లేటులో 96 గుంతలుంటాయి. 95 పురుగులకి, ఒకటి ఖాళీ. ఆ ఖాళీ గుంతని దండగ అనుకోకండి. ఒకసారి మా ఖాళీ గుంతలోంచి మిడత బార్‌కోడ్ వచ్చింది. పురుగే వేయని చోట మిడత! వెతికితే తేలింది, ముందు గుంతలో మిడత కాలు వేసిన ఫోర్‌సెప్స్‌ని తుడవకుండానే వాడారు. ఆ "వాడారు" నేనే. ఒక్కో పురుగుకీ మధ్య ఫోర్‌సెప్స్‌ని పలచటి బ్లీచ్‌లో ముంచి, నీళ్లలో కడిగి, తుడవండి.

పెద్ద పురుగైతే ఒక కాలు చాలు. రెండు మిల్లీమీటర్లవైతే మొత్తం పంపాల్సిందే. అప్పుడు లోపలి కండ మాత్రమే కరిగించి తొడుగు వెనక్కి ఇచ్చే పద్ధతి ఉందా అని ల్యాబ్‌ని అడగండి. చాలాచోట్ల చేస్తారు.

రిపోర్ట్ వచ్చాక పేరు చూసి పొంగిపోకండి, పక్కనున్న శాతం చూడండి. 99, 100 అయితే సరే. 97, 98 దగ్గర ఆగి ఆలోచించండి. 90 వచ్చి పక్కన జాతి పేరు ఉందంటే, అది మీ పురుగు పేరు కాదు, లైబ్రరీలో ఉన్నవాటిలో దగ్గరి చుట్టం పేరు. పేరు దొరకని వాటికి కూడా బోల్డ్ అనే బార్‌కోడ్ డేటాబేస్ ఒక గుంపు నంబరు ఇస్తుంది, దాన్ని బిన్ అంటారు. పేరు లేకపోయినా ఆ నంబరుతో రకాల్ని లెక్కించుకోవచ్చు. మలేజ్ సీసాలో ఈగల, కందిరీగల గుంపుల్లో సగానికి సగం ఇలా అనామకంగానే మిగులుతాయి. ముఖ్యంగా సెసిడోమియిడే అనే గాల్ మిడ్జ్‌లు. పూసలదండ లాంటి మీసాలు, రెక్కలో మూడు నాలుగే గీతలు. చూడ్డానికి అన్నీ ఒకటే, బార్‌కోడ్ చేస్తే డజన్ల రకాలు.

మిడతల దగ్గర మాత్రం జాగ్రత్త. వాటి కేంద్రకంలో సీఓఐకి పాత నకళ్లు చాలా ఉంటాయి. ల్యాబ్ ఆ నకలునే చదివేస్తే లేని జాతి పుట్టుకొస్తుంది.

దీపం_పురుగు:

అందరూ మిక్సీ మీద పడ్డారు కాబట్టి దాని తరఫున నేను మాట్లాడతాను. మేము 40 చోట్ల ఏడాది పాటు నెలకోసారి ట్రాప్ వేశాం. అంటే 480 సీసాలు. అద్దం_కింద గారి లెక్కన ఒక్కోటీ ఏరుతూ కూర్చుంటే నా పిల్లలు రిటైరయ్యేవాళ్లు. నూరించాం. ఏ చోటు ఏ చోటుకి దగ్గర, ఏ నెలలో ఏమి మారింది అన్నదానికి చక్కటి జవాబు వచ్చింది. ప్రశ్న "రెండు చోట్ల తేడా ఏమిటి" అయితే మిక్సీ మంచిదే. నూరే ముందు పెద్దవీ చిన్నవీ జల్లెడతో వేరుచేసి విడివిడిగా నూరండి, లేకపోతే మిడతలే మాట్లాడతాయి, మిగతావి వినపడవు. ఒకే సీసాకి పీసీఆర్ (డీఎన్‌ఏకి నకళ్లు తీసే పని) మూడుసార్లు చేయించి కనీసం రెండింటిలో కనిపించినవే నమ్మండి.

ఇంకో సంగతి, మీకు రాత్రి పురుగులు అస్సలు పడలేదు. తెల్ల గుడ్డ, లైటు పెట్టి చూడండి. పున్నమి రోజుల్లో మాత్రం కాదు, వెన్నెల్లో లైటు ట్రాప్‌కి బేరం ఉండదు.

ఎనిమిదికాళ్లు:

ప్రశ్నలో సాలీళ్లు అని రాశారు గానీ ట్రాప్‌లన్నీ పురుగులకే వేశారు! మలేజ్ డేరాలో సాలీడు పడటం కాదు, కాపురం పెడుతుంది. మీ సీసా మూతి దగ్గర గూడు కట్టుకుని మీకు రావాల్సిన ఈగల్ని తింటూ ఉంటుంది. వారానికోసారి అక్కడ వేలు పెట్టి చూడండి.

పిట్‌ఫాల్‌లో పడేవి నేల మీద తిరిగేవి. అందులోనూ ఎక్కువగా మగవి, ఆడదాన్ని వెతుక్కుంటూ తిరిగే కాలంలో. గ్లాసులో పది మగ తోడేలు సాలీళ్లు ఉన్నాయంటే అక్కడ ఆడవి లేవని కాదు, అవి తిరగడం లేదని. గూడు కట్టి కూర్చునేవాటికి మీరే వెళ్లాలి. చీకటి పడ్డాక తలకి టార్చి కట్టుకుని, గడియారం చూసుకుని సరిగ్గా గంటసేపు పట్టండి. మోకాలి పైనున్నవి ఒక గంట, కిందున్నవి ఒక గంట, కొమ్మలు కొట్టి కింద పట్టుకున్న తెల్ల గొడుగులో రాలేవి ఒక గంట. ప్రతి గంటకీ వేరే సీసా. అప్పుడు ఒక గంటని ఇంకో గంటతో పోల్చుకోవచ్చు. తోడేలు సాలీళ్ల కోసం టార్చిని కళ్ల పక్కన పెట్టుకుని గడ్డి మీదికి చూడండి, మంచు బిందువుల్లా పచ్చటి చుక్కలు మెరుస్తాయి. కదలని చుక్క మంచు. కదిలింది సాలీడు. మొదటిసారి చూసినప్పుడు అన్ని ఉన్నాయని తెలిసి నాకు చెప్పులు లేకుండా నిలబడ్డానని భయం వేసింది.

డీఎన్‌ఏకి ఒక కాలు తీయండి, ఎప్పుడూ ఒకే వైపు, ఒకే నంబరు కాలు. నేను కుడి మూడోది తీస్తాను. అప్పుడు ట్యూబులో కాలు లేని సాలీడు కనిపిస్తే మనం తీసిందా, అదే పోగొట్టుకుందా అని తన్నుకోవక్కర్లేదు. మగదాని ముందున్న బాక్సింగ్ గ్లోవుల లాంటి పాల్ప్‌లనీ, ఆడదాని పొట్ట కింద ఉండే ఎపిజైన్‌నీ మాత్రం ముట్టుకోకండి. సాలీడు జాతిని తేల్చేది ఈ జతకట్టే అవయవాలే. 2022 నాటికే ప్రపంచంలో పేరు పెట్టిన సాలీళ్లు 50,000 దాటాయి, వాటిలో ఎక్కువ శాతాన్ని విడదీసింది ఈ రెండు భాగాలే.

పిల్లలకి ఆ భాగాలు ఎదగవు. నా సీసాల్లో ఎప్పుడూ సగానికి పైగా పిల్లలే. పాత రోజుల్లో వాటిని "గుర్తించలేదు" అని పక్కన పెట్టేవాళ్లం. బార్‌కోడ్ వల్ల నాకు జరిగిన అసలు మేలు ఇక్కడే. నా నోటుబుక్కులో "నల్లది పెద్దది", "గోధుమరంగు చిన్నది, పొట్ట మీద గీత" అని రెండు రకాలు నాలుగేళ్లు విడివిడిగా ఉన్నాయి. బార్‌కోడ్ అక్షరం పొల్లు పోకుండా ఒకటే వచ్చింది. మొగుడూ పెళ్లాం! దానికి తిరగబడ్డది కూడా జరిగింది. ఒకే రకం అనుకున్న తొమ్మిది సాలీళ్లలో నాలుగు ఒక గుంపుగా, ఐదు ఇంకో గుంపుగా, మధ్య ఆరు శాతం తేడాతో వచ్చాయి. ల్యాబ్‌లో పొరపాటేమో అనుకుని ట్యూబులు మళ్లీ తీసి ఎపిజైన్లు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాంట్లో మధ్య గట్టు సన్నగా ఉంది, రెండోదాంట్లో సుత్తిలా వెడల్పుగా ఉంది. నాలుగేళ్లు నా కళ్ల ముందే ఉంది ఆ తేడా. నూరేసి ఉంటే?

కానీ ఆరు శాతం లేకపోతే ఒకే జాతి అని కూడా అనుకోవద్దు. తోడేలు సాలీళ్లలో పార్డోసా ప్రజాతిలో రూపంలో స్పష్టంగా వేరైన జాతులు కొన్ని ఒకే బార్‌కోడ్‌ని పంచుకుంటాయి. వోల్‌బాకియా అనే బాక్టీరియా కూడా ఉంది, తల్లి నుంచి పిల్లలకి దిగుతూ తనతో పాటు ఒకే రకం మైటోకాండ్రియాని అందరిలోకీ వ్యాపింపజేస్తుంది. అప్పుడు బార్‌కోడ్ చెప్పేది బాక్టీరియా కథ, సాలీడు కథ కాదు.

మట్టిపురుగు:

రెండు నెలలైంది, మాయమయ్యాననుకోకండి. అన్ని సీసాలూ తూచాను. అత్యంత బరువు ఐదో వారం, వాన తర్వాతది. అద్దం_కింద గారు చెప్పినట్టు ఆ సీసానే విప్పాను. పళ్లెంలో పోస్తే నల్లటి మడ్డిలా ఉంది, పావుగంట తర్వాత కళ్లు అలవాటుపడి రెక్కలు కనిపించడం మొదలైంది. ఒక కందిరీగకి రెక్క అంటూ లేదు, పుల్లకి చుట్టూ వెంట్రుకలు గుచ్చినట్టుంది. మొత్తం పురుగు పెన్సిల్‌తో పెట్టిన చుక్కంత. మా బావమరిదికి చూపించాను. మిక్సీ మాట మళ్లీ ఎత్తలేదు.

మూడు సాయంత్రాలు కూర్చుని ఆ సీసా నుంచి వేర్వేరుగా కనిపించినవి 83 ఏరాను. ఉప్పునీళ్ల గ్లాసుల నుంచి 12 కలిపి 95 పంపాను. 81కి బార్‌కోడ్ వచ్చింది. రాని 14లో తొమ్మిది ఉప్పునీళ్లవే. ఖాళీ గుంత ఖాళీగానే ఉంది, రిపోర్టులో ముందు అదే చూశాను.

81 కలిసి 58 గుంపులయ్యాయి. జాతి పేరు దొరికినవి 17. గుంపుల్లో 43కి ఒక్కో పురుగే ఉంది, తొమ్మిదింటికి రెండేసి. లెక్కల మనిషిని కదా, ఊరుకోలేక ఇంకా ఎన్ని మిగిలాయో అంచనా కట్టే చావో సూత్రం వెతికి పట్టుకున్నాను. పేరు విని కంగారు పడకండి, అది తైవాన్ గణాంకవేత్త ఆన్ చావో గారి పేరు, 1984 నాటి సూత్రం. ఒంటరివాటి వర్గాన్ని జంటల రెట్టింపుతో భాగించి, దొరికిన రకాలకి కలపాలి. 43 వర్గం 1849, దాన్ని 18తో భాగిస్తే 103 దాకా వచ్చింది. 58కి కలిపితే 161. అంటే నా జాగాలో కనీసం 161 రకాలు ఉన్నట్టేనా?

అద్దం_కింద:

మట్టిపురుగు గారూ, మీ గుణింతం సరిగ్గా ఉంది, లెక్క చెల్లదు. కోపం తెచ్చుకోకండి. మీరు "వేర్వేరుగా కనిపించినవి" ఏరి పంపారు. అంటే ఒకేలా ఉన్నవాటిని ముందే పక్కన పెట్టేశారు. ఇక ఒంటరివి కుప్పలుగా రాక ఏం చేస్తాయి? చావో సూత్రం నడవాలంటే పురుగులు లాటరీ తీసినట్టు రావాలి, పెళ్లిచూపుల్లో ఎంచినట్టు కాదు. ఉప్పునీళ్ల 12 వేరే ట్రాప్‌వి, వాటినీ ఇందులో కలపకూడదు. రకాల జాబితాగా 58 నిజమే, దానికి ఢోకా లేదు. 161 మాత్రం కొట్టేయండి.

పళ్లెం అడుగున మార్కరుతో గళ్లు గీసి నంబర్లు వేయండి. మిగిలిన సీసాల్లో ఒకదాన్ని పోసి, బాగా కలిపి, చీటీలు తీయండి. ఏ గడి వస్తే ఆ గడిలోవి అన్నీ తీయాలి. ఒకేలా ఉన్నా, ముక్కు మొహం లేకుండా ఉన్నా, 95 అయ్యేదాకా.

మట్టిపురుగు:

మూడేళ్లుగా ఆడిట్లలో శాంపిల్ ఇలాగే తీస్తున్నాను, బిల్లులు ఏరుకుంటే ఒప్పుకోరు. పురుగుల దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను చూడండి. నిన్న రాత్రి ఏడో వారం సీసా పోశాను. 24 గళ్లు. మా బావమరిది చీటీ తీశాడు, మొదట 17 వచ్చింది. అందులో 31 ఉన్నాయి. 26 ఒకటే రకంలా కనిపిస్తున్న చిన్న ఈగలు. అన్నిటికీ నంబర్లు వేసి ట్యూబుల్లో పెట్టాను. రెండో చీటీ ఇవాళ తీస్తాం.